శంషాబాద్ నుంచి గన్నవరం 264 కిలోమీటర్లే, అయితే ఏంటి?

హైదరాబాద్ నుంచి విజయవాడకి విమానంలో ఎంతసేపు అని ఎవర్నడిగినా ఒకటే జవాబు: గంట. ఇంటర్నెట్‌లో వెతికితే ఇంకా వివరంగా వస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం నుంచి గన్నవరం విమానాశ్రయానికి 264 కిలోమీటర్లు, అంటే 164 మైళ్లు, పైలట్ల లెక్కలో సుమారు 143 నాటికల్ మైళ్లు, ప్రయాణం 50 నిమిషాలు. వీటిలో ఏ అంకే అబద్ధం కాదు. కానీ పెళ్లికి ఎంతయింది అంటే పురోహితుడికిచ్చిన దక్షిణ చెప్పి ఊరుకున్నట్టుంటుంది ఈ లెక్క.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. మూడొందల కిలోమీటర్ల లోపు ప్రయాణంలో విమానం వల్ల కలిసొచ్చే టైము దాదాపు ఏమీ ఉండదు. ఉన్న ఆలస్యమంతా నేల మీదే ఉంది. అందుకని ఇలాంటి చిన్న దూరాలకి ప్రభుత్వాలు ఇంకో విమానం, ఇంకో విమానాశ్రయం అని మురిసిపోవడం మానేసి, విమానాశ్రయానికి వెళ్లే దారి మీద, రైలు పట్టాల మీద డబ్బు పెట్టాలి.

ఆ 264 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. రెండు విమానాశ్రయాల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని, భూమి గుండ్రటి ఉపరితలం మీద వాటి మధ్య అతి దగ్గరి గీత పొడవు లెక్కగడతారు. నడిమధ్యలో కొండలున్నా, నిషేధిత గగనతలం ఉన్నా, ఉరుములున్నా ఆ గీతకి పట్టదు. తరవాత సమయం. విమానం సగటున గంటకి ఎనిమిది వందల కిలోమీటర్లు పోతుందనుకుని దూరాన్ని భాగిస్తారు, ఎగరడానికి దిగడానికి ఓ అరగంట కలుపుతారు. మన 264కి ఇరవై నిమిషాలు, దాని మీద ముప్ఫై. మొత్తం 50. ముతక లెక్కే కానీ నిజానికి మరీ దూరంగా ఏమీ ఉండదు, ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే ఈ లెక్కలో ఒక సంగతి దాగి ఉంది. 50 నిమిషాల్లో ముప్ఫై నిమిషాలు దూరంతో సంబంధం లేనివి. విజయవాడ ఇంకో వంద కిలోమీటర్లు అవతల ఉన్నా అదే ముప్ఫై, ఇవతల ఉన్నా అదే. దూరం తగ్గేకొద్దీ విమానం తన వేగం చూపించుకోడానికి చోటే మిగలదు. దానికి తోడు పది వేల అడుగుల ఎత్తు లోపల విమానాలు మామూలుగా 250 నాట్లు మించి పోకూడదు. అంటే గంటకి సుమారు 460 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ 320 లాంటి జెట్ ఆ ఎత్తు దాటి, వేగం పుంజుకుని, ఓ స్థాయికి చేరి నిలదొక్కుకునేసరికి మళ్లీ దిగడం మొదలుపెట్టాలి.

ఈ రూట్లో ఏటీఆర్ ఎక్కినవాళ్లకి ఇది బాగా తెలుసు. ఏటీఆర్ 72 రెండు పంకాల విమానం, గంటకి ఐదొందల కిలోమీటర్ల వేగం. జెట్ వేగం ఎనిమిదొందల ముప్ఫై దాకా ఉంటుంది. కాయితం మీద చూస్తే 264 కిలోమీటర్లకి ఏటీఆర్‌కి 32 నిమిషాలు, జెట్‌కి 19. తేడా పదమూడు నిమిషాలు. అందులోనూ ఎక్కేటప్పుడు దిగేటప్పుడు జెట్ కూడా నెమ్మదిగానే పోవాలి గనక ఆ పదమూడు కూడా పూర్తిగా మిగలవు. టికెట్ మీద రెండిటికీ దాదాపు గంటే వేస్తారు. కోట్ల రూపాయల ఇంజిన్ తేడా ఒక టీ తాగేంతసేపు కూడా మిగల్చడం లేదన్నమాట.

ఆ ఏటీఆర్ ప్రయాణం ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను. గేటు దగ్గర పేరు పిలుస్తారు, మెట్లు దిగి బస్సెక్కుతాం. బస్సు నిండేదాకా కదలదు. చివర వచ్చిన ఇద్దరి కోసం తలుపు తెరిచే ఉంచుతారు, వేడి గాలి కొడుతూ ఉంటుంది. పెద్ద పెద్ద జెట్లన్నీ దాటుకుంటూ ఎక్కడో చివర ఆపుతారు. ఏటీఆర్‌కి సామాన్లు ముందు, మనుషులు వెనక. వెనక తలుపు నుంచి నాలుగు మెట్లెక్కి, చేతిలో ఉన్న ట్రాలీ బ్యాగు పైన అరలో పట్టక తంటాలు పడి, మొత్తానికి కూర్చుంటాం. తలుపు మూశాక విమానం కదులుతుంది గానీ ఎగరదు. శంషాబాద్‌లో పెద్ద రన్‌వే పొడవే 4,260 మీటర్లు. దాని మొదటికి చేరడానికే కొంతసేపు, అక్కడ ముందున్న విమానాల వెనక ఇంకొంతసేపు. ఎగిరాక బెల్టు దీపం ఆరుతుంది. ఎయిర్‌హోస్టెస్ ట్రాలీ తోసుకుంటూ మూడు నాలుగు వరసలు దాటిందో లేదో పైలట్ గొంతు: దిగబోతున్నాం, కుర్చీలు నిటారుగా పెట్టుకోండి. జీడిపప్పు డబ్బా కొన్నవాళ్లు మూత తీయకుండానే బ్యాగులో పెట్టుకుంటారు.

గాలి సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. విమానం మామూలుగా ఎదురుగాలిలో ఎగరాలి, ఎదురుగాలిలో దిగాలి. శంషాబాద్, గన్నవరం రెండు చోట్లా రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విజయవాడ మనకి తూర్పున. తూర్పు గాలి వీచే రోజు విమానం తూర్పుకే ఎగిరి, తూర్పు ముఖంగానే గన్నవరంలో వాలుతుంది, తిన్నగా పోయినట్టే. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి. అప్పుడు శంషాబాద్‌లో వికారాబాద్ వైపు ముఖం పెట్టి ఎగిరి, గిర్రున వెనక్కి తిరగాలి. గన్నవరంలో ఊరు దాటి ఏలూరు వైపు పోయి, మళ్లీ వెనక్కి తిరిగి పడమర ముఖంగా దిగాలి. అదే దూరం, అదే విమానం, పైగా దారి పొడుగునా వెనక గాలి తోస్తూనే ఉన్నా, రెండు చివరలా రెండు మలుపులు. వెయ్యి కిలోమీటర్ల ప్రయాణంలో ఈ మలుపులు లెక్కలోకి రావు. 264లో వస్తాయి.

ఇక డిసెంబర్, జనవరి పొద్దుటి పూట గన్నవరం పొగమంచు. హైదరాబాద్ నుంచి వేకువనే బయల్దేరిన విమానం గన్నవరం మీద చక్కర్లు కొట్టి, రన్‌వే కనపడక వెనక్కి శంషాబాద్ వచ్చేసిందని ప్రతి చలికాలం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ రోజు ఆ ప్రయాణికులు ఐదొందల కిలోమీటర్లకి పైగా ఎగిరి బయల్దేరిన చోటే దిగారు.

టికెట్ మీద వేసే గంట కూడా ఎగిరే సమయం కాదు. విమానం చక్రాల కింద అడ్డుకట్టలు తీసి వెనక్కి నెట్టిన క్షణం నుంచి, అవతల ఆగి మళ్లీ అడ్డుకట్టలు వేసే దాకా ఉన్న సమయం అది. దాన్ని కంపెనీలు కాస్త వదులుగానే వేసుకుంటాయి. పదిహేను నిమిషాల లోపు ఆలస్యమైతే అది ఆలస్యం కిందే రాదు, ఈ రంగంలో అదే రివాజు. దాని మీద షెడ్యూల్లోనే పది నిమిషాలు కలుపుకుంటే రికార్డు ఇంకా శుభ్రంగా ఉంటుంది. "నిర్ణీత సమయానికన్నా పది నిమిషాల ముందే చేరుకున్నాం" అని ప్రకటన వినగానే మనం సంబరపడిపోతాం. ఆ పది నిమిషాలు టికెట్ కొన్న రోజే మన దగ్గర తీసుకున్నవి.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం, ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా. నేనుండేది మియాపూర్. వెళ్లాల్సింది తెనాలి, మా అత్తగారి ఊరు. పొద్దున పదింటి విమానం అనుకోండి. దేశంలో తిరిగే విమానాలకి చాలా కంపెనీలు చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తాయి, గేటు పాతిక నిమిషాల ముందు. గచ్చిబౌలి ట్రాఫిక్ మీద నమ్మకం ఉన్నవాడు ఎవడూ లేడు కాబట్టి ఏడుంబావుకి ఇంట్లోంచి కదలాలి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక హాయిగానే ఉంటుంది, ఎక్కేదాకానే టెన్షన్. ఎనిమిదిన్నరకి శంషాబాద్. డిజియాత్ర పుణ్యమా అని మొహం చూపిస్తే లోపలికి పంపుతున్నారు, అది మాత్రం మెచ్చుకోవాలి. కానీ బెల్టు, ల్యాప్‌టాప్, తాళాలు ట్రేలో పెట్టే క్యూ ఎప్పుడూ ఉండేదే. పదకొండింటికి గన్నవరం. సూట్‌కేసు వచ్చి బయటపడేసరికి పదకొండుంపావు దాటి పది నిమిషాలు. అక్కడి నుంచి రామవరప్పాడు రింగు, బెంజి సర్కిల్, వారధి, మంగళగిరి మీదుగా తెనాలి. గన్నవరం ఏలూరు వైపు ఉంది, తెనాలి కృష్ణ అవతల ఉంది. విజయవాడ ట్రాఫిక్ మొత్తం దాటాల్సిందే. ఒంటిగంటకి ఇంటికి చేరితే అదృష్టం.

అంటే ఐదు గంటల ముప్పావు. అందులో గాల్లో ఉన్నది నలభై నిమిషాలు మించదు. సికింద్రాబాద్ నుంచి నల్గొండ, గుంటూరు మీదుగా రైలెక్కితే నేరుగా తెనాలి స్టేషన్లోనే దిగుతాను. కారులో అయితే ఇంకో అరగంటో గంటో ఎక్కువ, అంతే.

నాది కాస్త నయం. ఎల్బీనగర్లోనో వనస్థలిపురంలోనో ఉన్నవాళ్ల సంగతి చూడండి. వాళ్లింటి ముందు నుంచే విజయవాడ రోడ్డు పోతుంది. విమానం ఎక్కాలంటే మాత్రం ముందు శంషాబాద్ దాకా అడ్డంగా వెళ్లాలి. ఒకే టైముకి ఒకే గుమ్మం నుంచి ఇద్దరు బయల్దేరారనుకుందాం, ఒకరు విమానానికి, ఒకరు కారులో. విమానం నేల విడిచే వేళకి కారులో పోయినవాడు పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లు దాటి, సూర్యాపేటలో టీ తాగేసి, కోదాడ దారిలో ఉంటాడు. విమానం దిగినవాడు సామాను బెల్టు ముందు నిలబడ్డప్పుడు వీడు నందిగామ ఛాయలకి వచ్చేస్తాడు. గన్నవరం నుంచి ఊళ్లోకి రావడానికి పట్టే సమయం కూడా కలిపితే ఇద్దరూ బెంజి సర్కిల్‌కి ఇంచుమించు ఒకేసారి చేరతారు. సంక్రాంతి ముందు రోజులు తప్ప. ఆ రెండు మూడు రోజులూ పంతంగి దగ్గర కార్ల బారు చూస్తే విమానమే నయమనిపిస్తుంది. అయితే ఆ రోజుల్లో విమానం టికెట్ ధర చూస్తే మళ్లీ పంతంగే నయమనిపిస్తుంది.

ఇంకో తమాషా. 2008 మార్చి దాకా హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. బేగంపేట నుంచి గన్నవరానికి తిన్నటి దూరం 268 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి 264. విమానాశ్రయం మారడం వల్ల విజయవాడ నాలుగు కిలోమీటర్లు దగ్గరైంది! ఆకాశం లెక్క అది. నేల లెక్కలో అమీర్‌పేట, సికింద్రాబాద్ వాళ్లకి ప్రయాణం ఇంచుమించు గంట పెరిగింది. ఎయిర్ డెక్కన్ ఏటీఆర్‌లు బేగంపేట నుంచి తిరిగిన రోజుల్లో అమీర్‌పేటలో ఉన్నవాడికి ఆటోలో పదిహేను నిమిషాలు. అప్పుడు విజయవాడకి విమానం అంటే అర్థం ఉంది. బేగంపేటనే ఉంచాల్సిందని నేననడం లేదు. ఊరి మధ్యలో అంత ట్రాఫిక్ ఎన్నాళ్లో తట్టుకునేది కాదు, శంషాబాద్ లేకపోతే ఈ రోజు హైదరాబాద్ ఇలా ఉండేదీ కాదు. కానీ విమానాశ్రయాన్ని ఊరవతలికి జరిపినప్పుడు దాన్ని ఊరికి కలిపే పని కూడా అదే ఊపులో జరగాలి. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వచ్చింది, మెహిదీపట్నం వైపు వాళ్లకి పనికొచ్చింది. పుష్పక్ బస్సులున్నాయి. మెట్రో సంగతి? రాయదుర్గం నుంచి శంషాబాద్‌కి 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కుండా ప్రభుత్వం మారింది, ఆ దారి వద్దన్నారు, నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట వైపు నుంచి వేస్తామన్నారు. చెన్నైలో 2016 నుంచి మెట్రో దిగి విమానాశ్రయంలోకి నడిచి వెళ్తున్నారు.

ఆ మెట్రో ఉంటే ఏమవుతుంది? ఔటర్ ఎక్కేదాకా ఎంత పడుతుందో తెలియక అందరం చేతిలో పెట్టుకుని కూర్చునే ఆ ముప్పావుగంట, గంట మిగులుతాయి. ఏటీఆర్ తీసేసి జెట్ వేస్తే మిగిలేది మహా అయితే పది నిమిషాలు. ఇంకే వాదనా అక్కర్లేదు, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

చిన్న దూరాలకి విమానం వద్దని చట్టమే చేసిన దేశం ఉంది. ఫ్రాన్స్‌లో రైల్లో రెండున్నర గంటల్లో వెళ్లగలిగే చోటికి దేశీయ విమానాలు నడపకూడదని 2021లో చట్టం తెచ్చారు, 2023 మేలో అమల్లోకి వచ్చింది. వాళ్లది కాలుష్యం గొడవ. పైగా ఆచరణలో ఆగినవి పారిస్ ఓర్లీ నుంచి మూడు ఊళ్లకి పోయే విమానాలే. మనకి అలాంటి చట్టం కావాలని నేను అడగను, ఎందుకంటే మనకి ఆ రెండున్నర గంటల రైలు లేదు. సికింద్రాబాద్ నుంచి విజయవాడకి వరంగల్ మీదుగా 350 కిలోమీటర్లు. 2023 జనవరిలో మొదలైన వందేభారత్ కూడా నాలుగు గంటలు తీసుకుంటోంది. ఆ పెట్టెకి అంతకన్నా వేగంగా పోయే సత్తా ఉంది, పట్టాలకే లేదు. కాజీపేట, విజయవాడ మధ్య మూడో లైను పని ఏళ్ల తరబడి సాగుతోంది. ఈ నాలుగు గంటల్లో ఒక్క గంట తగ్గించినా గన్నవరం విమానం ఎక్కే వాళ్లలో సగం మంది రైలుకి వస్తారని నా నమ్మకం. స్టేషన్ ఊరి మధ్యలో ఉంటుంది, బెల్టు విప్పక్కర్లేదు, మామిడికాయ పచ్చడి సీసా ఎవరూ లాక్కోరు.

చిన్న ఊళ్లకి తక్కువ ధరలో విమానాలు నడిపించడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం సంగతి అడుగుతారని తెలుసు. 2017 ఏప్రిల్లో సిమ్లా విమానంతో పాటు ఆ రోజే కడప, హైదరాబాద్ మధ్య కూడా మొదలుపెట్టారు. ఐదొందల కిలోమీటర్లకి, అంటే సుమారు గంట ప్రయాణానికి, రెండున్నర వేల రూపాయల పరిమితి అన్నారు. కడప విషయంలో నేను ఉడాన్ వైపే ఉంటాను. హైదరాబాద్ నుంచి కడపకి రోడ్డు మీదైనా రైల్లోనైనా పగలంతా పోతుంది లేదా రాత్రంతా పోతుంది. అక్కడ విమానం కొన్ని గంటలు నిజంగా మిగులుస్తుంది. దూరం ఒక్కటే చూసి రూట్లు పంచడం తప్పు. నేల మీద ప్రత్యామ్నాయం ఎంత బాగుందో చూసి పంచాలి.

దూరం పెరిగితే ఈ వాదన ఎలా తిరగబడుతుందో విశాఖపట్నం చూపిస్తుంది. శంషాబాద్ నుంచి విశాఖ పాత విమానాశ్రయానికి తిన్నగా 511 కిలోమీటర్లు, విజయవాడకి దాదాపు రెండింతలు. విమానంలో పెరిగేది పావుగంట, ఇరవై నిమిషాలు. రోడ్డు మీద అది ఆరొందల కిలోమీటర్లు దాటుతుంది, వందేభారత్‌లో ఎనిమిదిన్నర గంటలు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా. ఇక్కడ విమానానికి పోటీ లేదు. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, ఊళ్లోనే ఉంది, దిగగానే ఎన్ఏడీ జంక్షన్. వైజాగ్ వాళ్లు ఇన్నాళ్లూ అనుభవించిన సుఖం అది.

మరి ఇంకా దూరాలు? అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే డల్లాస్ తీసుకుంటే, హైదరాబాద్ నుంచి తిన్నటి గీత సుమారు 14,400 కిలోమీటర్లు. రెండు ఊళ్లూ భూగోళానికి దాదాపు చెరో పక్క ఉండటంతో ఆ గీత పైకి పైకి పోయి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గర్నుంచి అటు దిగుతుంది. ఆ దారిన మన అమ్మానాన్నల్ని తీసుకెళ్లే విమానం లేదు. వాళ్లు దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో పోతారు. దుబాయ్ మీదుగా కలిపి చూస్తే దాదాపు 15,500, అంటే ఎక్కువయ్యేది వెయ్యి పైచిలుకు కిలోమీటర్లే, జెట్‌కి గంటంబావు. మోకాళ్ల నొప్పితో ట్రాన్సిట్‌లో కూర్చునే గంటలు ఏ దూరం లెక్కలోనూ రావు. రాజకీయాలు కూడా అంతే. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిరిండియా విమానాలు కొన్ని దారి మళ్లి, వియన్నాలో ఆగి ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది. ఢిల్లీ, షికాగో ఎక్కడివక్కడే ఉన్నాయి.

గన్నవరం, శంషాబాద్ విమానం ఎవరికి పనికొస్తుందంటే ఇదిగో ఇలాంటి వాళ్లకే, అదీ కొందరికి. గుడివాడ, నూజివీడు, ఏలూరు వైపు నుంచి ఒకే టికెట్ మీద విదేశం పోయేవాళ్లకి గన్నవరంలో వేసిన సూట్‌కేసు చివరి ఊళ్లో చేతికొస్తుందంటే అది పెద్ద ఊరట. విడివిడిగా రెండు టికెట్లు కొన్నవాళ్లకి ఆ ఊరట లేదు. మొదటి విమానం పొగమంచులో ఆగితే రెండోది ఆగదు. గుంటూరు, తెనాలి, సత్తెనపల్లి వాళ్లకైతే రాత్రి కారు మాట్లాడుకుని పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, హైదరాబాద్ ఊళ్లో అడుగు పెట్టకుండా నేరుగా శంషాబాద్ పోవడమే మేలు. చాలామంది చేస్తున్నదీ అదే. పెద్దవాళ్లు వెనక సీట్లో నిద్రపోతారు, సామాను తూకం గొడవ ఒక్కసారే.

ఇప్పుడు నా దృష్టంతా భోగాపురం మీద ఉంది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయం విశాఖకి ఈశాన్యాన, విజయనగరం జిల్లాలో ఉంది. శంషాబాద్ నుంచి తిన్నటి దూరం పాతదానికన్నా ముప్ఫై కిలోమీటర్లు పైన ఎక్కువ, విమానానికి రెండు మూడు నిమిషాల పని. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి ఇన్నేళ్లకి విమానం దగ్గరకొచ్చినట్టే, అది మంచిదే. గాజువాక, ఎన్ఏడీ, స్టీల్‌ప్లాంట్ వాళ్లు మాత్రం ఊరంతా దాటి, మధురవాడ, ఆనందపురం మీదుగా యాభై కిలోమీటర్ల పైనే పోవాలి. ఆ దారికి మెట్రో వస్తుందా, రైలు వస్తుందా, లేక మనకి శంషాబాద్‌లో జరిగినట్టు ముందు బస్సులు, తరవాత శంకుస్థాపన, ఆ తరవాత ఇంకో అలైన్‌మెంటా? టికెట్ మీద మాత్రం హైదరాబాద్ నుంచి విశాఖ గంటా పావు అనే ఉంటుంది.